మంచం బద్దలు, ఐదు పెడళ్ళు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు.

నా కాలు సంగతి సరే. ముప్పై ఏళ్ళు బండ్ల సీట్లు కుట్టే కొట్లో కుట్టుమిషను తొక్కిన కాలు, ఖాళీగా కూర్చున్నా దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. మా అబ్బాయికి ఆ ఏడు డ్యూటీ వారానికో రకంగా మారేది. ఇంట్లో ఉన్న కాసేపూ గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూ, వాన తగ్గిందా అని చూసేవాడు. తగ్గితే వెళ్ళాల్సిన చోటేమీ ఉండదు, అయినా చూసేవాడు. ఇక మా కోడలు. ఆ పిల్ల గిటారు వాయిస్తుంది. అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా కుడికాలు నేల మీద ఏదో లెక్క వేస్తూనే ఉండేది. ముగ్గురం ఒక గదిలో కూర్చుంటే కింద అద్దెకున్నావిడ పైకొచ్చి, "మీ ఇంట్లో ఏమైనా మిషను పెట్టారా" అని అడిగిందొకసారి.

ఆ వానాకాలానికి కోడల్ని ఒక పాటల బృందంలో తీసుకున్నారు. కల్యాణ మండపాలు, హోటళ్ళు, ఎగ్జిబిషన్ మైదానాలు. సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట కార్యక్రమం. బృందానికి పెద్ద కీబోర్డు వాయించే ఆయన. మాటమాటకీ చేతి గడియారం చూసుకుంటాడని అందరూ ఆయన్ని వెనకాల గడియారం అనేవాళ్ళు, ఎదురుగా మాస్టారు అనేవాళ్ళు.

ఇంట్లో ఒప్పందం ఒకటి జరిగింది. మా అబ్బాయే అన్నాడు.

"వానలు తగ్గేలోపు వాళ్ళు నిన్ను ఖాయం చేసుకుంటే సరే, నేనేమీ అనను. చేసుకోకపోతే ఆ పెడళ్ళన్నీ అమ్మేసి మా స్నేహితుడి ఫోన్ల కొట్లో కూర్చో. కొనేవాడు కూడా ఉన్నాడు."

"సరే," అంది కోడలు. అంత తొందరగా సరే అంటుందని వాడు అనుకోలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నేను వాడి వైపే. పైకి అనలేదు గానీ, సాయంత్రం కొట్టు నుంచి వచ్చి తాళం తీసి, చీకట్లో స్విచ్చు వెతుక్కోవడం నాకు నచ్చేది కాదు. ఫోన్ల కొట్టయితే ఆరింటికి మూసేస్తారు. ఆ పిల్ల ఇంట్లో ఉంటుంది. నా చదువు కూడా చూస్తుంది. అప్పటికి రెండేళ్ళుగా నాకు అక్షరాలు దిద్దిస్తున్నది తనే. ఒత్తులు వచ్చాయి, ఇంకా తడబడుతున్నాను.

"అమ్మా, నువ్వు చెబితే వింటుంది. మెల్లగా చెప్పు," అన్నాడు వాడు ఒకరోజు వంటింట్లో.

"చూద్దాంలే," అన్నాను.

*

పెడలంటే నాకు తెలిసింది మిషను కిందదే. ఇవి వేరు. అరచేతి కంటే కొంచెం పెద్ద ఇనప డబ్బాలు, పైన తొక్కడానికి మీటా, మోత తిప్పి సరిచూసుకోవడానికి మరలూ. గిటారు వైరు వీటిలోంచి పోతుంది. కాలితో నొక్కితే గిటారు గొంతు మారుతుంది. కోడలి దగ్గర ఐదున్నాయి, అన్నీ ఎవరెవరో వాడి అమ్మినవే. వాటి ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు. రంగులతో గుర్తుపెట్టుకున్నాను. ఎర్రది తొక్కితే గిటారు బొంగురుపోతుంది. పచ్చది తొక్కితే వణుకుతుంది. నల్లది శ్రుతి చూసుకోవడానికి. పసుపుది పాదంతో ముందుకీ వెనక్కీ ఊపితే గారం చేసే పిల్లలా రాగం తీస్తుంది. నీలంది తొక్కితే అన్నమాటే మళ్ళీ మళ్ళీ అంటుంది, మా ఆయన చివరి రోజుల్లోలాగా.

ఈ ఐదింటినీ కోడలు బట్టలు నానబెట్టే బకెట్లో వేసుకుని, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్ళేది. వ్యానులో అవి ఒకదాన్నొకటి కొట్టుకునేవి. అక్కడికెళ్ళాక నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఐదు డబ్బాలూ, ఆరు వైర్లూ, కరెంటు తీగా చిక్కు విప్పి తగిలించేసరికి అరగంట. మిగతావాళ్ళంతా నిలబడి చూడటం, గడియారం తన చేతి గడియారం చూసుకోవడం.

ఒక సాయంత్రం తడిసి ముద్దై వచ్చి, బకెట్ నేల మీద వంచింది. ఒక వైరు కొన విరిగి చేతిలోకి వచ్చింది.

"మాస్టారు ఏమన్నారో తెలుసా అత్తయ్యా? ఆ బకెట్ ఇంకొక్కసారి నా స్టేజీ మీద కనపడితే, బకెట్‌తో పాటు నువ్వూ దిగిపోతావు అన్నారు."

"పెట్టె ఏదైనా కొనుక్కోరాదూ?"

"కొంటే రెండు నెలలు మనం గాలి తిని బతకాలి." ఫోనులో బొమ్మ చూపించింది.

కళ్ళజోడు తెచ్చుకుని చూశాను. పలక. స్పాంజి. రెగ్జిన్. పిడి. రెండు గొళ్ళేలు.

"దీనికా అంత?" అన్నాను. "ఇది సీటే కదే. మనిషి బదులు డబ్బాలు కూర్చుంటాయి, అంతే తేడా. నేనే కుడతాను."

ఆ వారంలో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే విరిగిన వైరు కొన నోట్లో పెట్టుకుని, తొడుగు పళ్ళతో ఊడదీయడం మొదలుపెట్టింది.

ఎందుకన్నానో నాకు తెలియదు. మెల్లగా మానిపించమని అబ్బాయి చెప్పాడు, నేనేమో పెట్టె కుడతానన్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు. చేయగలిగిన పని కంటపడితే చేతులు నా మాట వినవు.

*

మొదటి పెట్టె పాడుచేశాను. కొట్లో మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద రెండంగుళాల స్పాంజి పరిచి, రెగ్జిన్ బిగించి, దాని మీద డబ్బాలు అతికించాను. చూడటానికి సింహాసనంలా ఉంది. కోడలు కాలు పెట్టగానే ఎర్రది లోపలికి కూరుకుపోయి పక్కకి తిరిగింది. రెండోసారి నొక్కితే పచ్చది కూడా దానితో పాటే వంగింది.

"మెత్తగా ఉంది అత్తయ్యా," అంది, నొప్పించకుండా.

"మెత్తగా కాక మరి?" అన్నాను గానీ అప్పుడే వెలిగింది. కూర్చునేదానికి మెత్తన కావాలి. తొక్కేదానికి గట్టిది కావాలి. నేనెప్పుడూ కూర్చునేవాళ్ళకే పనిచేశాను.

గట్టి చెక్క కావాలి, కానీ పలకగా ఉంటే వైర్లన్నీ పైనే పడి కాళ్ళకి తగులుతాయి. మధ్యమధ్య సందులుంటే వైర్లు కిందికి దిగిపోతాయి. అలాంటి చెక్క ఎక్కడుంటుందా అని రెండ్రోజులు కొట్లో, దారిలో, ఇంట్లో వెతుకుతూ తిరిగాను. మూడో రోజు మధ్యాహ్నం మంచం మీద నడుం వాల్చి, పక్క పరుపు కిందికి చెయ్యి పోనిస్తే తగిలింది.

మాది జోడు మంచం. అడుగున అడ్డంగా బద్దలు, బద్దకీ బద్దకీ మధ్య రెండు వేళ్ళ సందు. మా ఆయన పోయి నాలుగేళ్ళయినా నేను నా సగంలోనే పడుకుంటాను. ఆయన సగం మీద మడతపెట్టిన బట్టలుంటాయి.

ఆయన బస్సు స్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేవాడు. ముప్పై నాలుగేళ్ళు ఎన్నెన్నో ఊళ్ళకి టికెట్లు కొట్టిచ్చాడు, తను ఒక్క ఊరూ చూడలేదు. రిటైరయ్యాక తిరుగుదామని గట్టి సూట్‌కేసు ఒకటి కొన్నాడు. దాని మీది కాగితం చింపకముందే ఆయన పోయాడు. అది మంచం కింద అలాగే ఉంది.

సూట్‌కేసు బయటికి లాగి, పరుపు ఎత్తి బద్దలు విప్పుతుంటే అబ్బాయి వచ్చాడు.

"అమ్మా, నాన్న మంచం విప్పేస్తున్నావా?"

"మంచం కాదురా, బద్దలు. నాలుగే."

"సూట్‌కేసు కూడానా?"

"అది మంచం కింద ఏ ఊరెళ్తుంది?"

వాడి కాలు ఆగింది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగే అన్నాడు, "సరేలే. పెట్టెతో సహా అయితే ఇంకొంచెం మంచి ధర పలుకుతుంది."

కోడలు తలుపు పక్కనే ఉంది. వాడు ఏ మాట అన్నా నేల మీద ఆగని ఆ పిల్ల కాలు, ఆ మాటకి ఆగింది.

*

పాత దినపత్రిక పరిచి, దాని మీద కోడల్ని నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్ గీశాను. ముప్పై ఏళ్ళలో ఎందరి నడుములకో కొలత తీశాను, పాదానికి ఇదే మొదలు. చిన్న పాదాలు, బుడిబుడి నడకలు నడిచే పిల్లవిలా ఉన్నాయి. మడమ కదపకుండా బొటనవేలు ఎంత దూరం పోతుందో, పక్కకి ఎంత తిరుగుతుందో వాయిస్తూ చూపించమన్నాను. ఆ కొలతకే డబ్బాల మధ్య దూరం పెట్టాను, ఒకటి నొక్కితే రెండోది తగలకుండా. వెనక వరస కొంచెం ఎత్తుగా ఉండాలని బద్దల కింద చెక్క ముక్కలు కొట్టాను.

ప్రతి డబ్బా అడుగునా స్పిరిటుతో జిడ్డు తుడిచి గరుకు పట్టీ అతికించాను. బద్దల మీద నూగు పట్టీ. నొక్కితే పట్టుకుంటుంది, కావాలంటే చర్రుమని ఊడి వస్తుంది. సీట్ల కవర్లకి మేం వాడేదే. వైర్లు సందుల్లోంచి కిందికి దించి, సీటు దారంతో బద్దలకి కట్టేశాను. కరెంటు తీగ అడుగునే అతికించాను. ఇక పైకి మూడే కొనలు, ఒకటి గిటారుకి, ఒకటి స్పీకరుకి, ఒకటి కరెంటుకి. సూట్‌కేసు మూతలో స్పాంజి వేసి, మరలు ఉండేచోట గుంటలు తవ్వాను, వాటి మీద బరువు పడకుండా. అంచు చుట్టూ సైకిలు ట్యూబు కోసి అతికించాను, వాన దిగకుండా. తాళం బిగుసుకోకపోతే, కొట్లో తుక్కులోంచి కారు సీటు బెల్టు తెచ్చి పెట్టె నడుముకి కట్టాను. టక్కుమని పడుతుంది.

కోడలు బెల్టు పెట్టడం, తీయడం ఇరవైసార్లు చేసింది.

"ప్రయాణానికి సిద్ధంగా ఉంది అత్తయ్యా, మావయ్యగారి సూట్‌కేసు."

"కండక్టరు ఈల వేస్తే బయల్దేరడమే," అన్నాను.

రెండు వారాలు బాగా గడిచాయి. అరగంట పని రెండు నిమిషాల్లో అయ్యేది. మాస్టారు గడియారం చూసుకుని, అనడానికి ఏమీ దొరక్క, వ్యాను డ్రైవరు మీద అరిచారట.

*

తర్వాత ఒక మైదానంలో వానకి స్టేజీ ముందంతా బురదైపోయింది. కోడలి కాళ్ళ బురద డబ్బాలకి అంటింది. వచ్చి అలసటగా గోడకి జారగిలబడి, అలాగే నిద్రపోయింది. పొద్దున తను లేచేలోపు నేను పెట్టె తెరిచి, తడిగుడ్డతో, పుల్లకి దూది చుట్టి, ఒక్కో డబ్బా తుడిచాను. మరల సందుల్లో కూడా. తుడిచాక చూస్తే మరలన్నీ తలో దిక్కూ తిరిగి ఉన్నాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. సీటు మీద గుండీలు అలా కుట్టి ఇస్తే మా ఓనరు ముఖాన కొడతాడు. అన్నిటినీ వరసగా నిటారుగా తిప్పి పెట్టాను. ఎంత ముచ్చటగా ఉందో. మూత వేసి బెల్టు పెట్టి కొట్టుకి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం కోడలు వచ్చి పెట్టె మూలన పెట్టి, నేరుగా వెళ్ళి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

అబ్బాయి అప్పటికే ఎవరి నోటో విన్నాడు. "మొదటి పాటే గోలగోలగా మొదలైందట కదా. మూడు పాటలు పాడయ్యాయట. మధ్యలో ఆపారట."

"అవును," అంది కోడలు తువ్వాల్లోంచి. "ముందే చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

"గడియారం ఏమన్నాడు?"

"ఇంకా రెండు కార్యక్రమాలున్నాయి. తర్వాత వేరే అతన్ని పిలుస్తున్నారు."

వాడు గుమ్మానికీ కిటికీకీ మధ్య రెండుసార్లు తిరిగాడు. గెలిచినవాడి నడకలా లేదు. "అయితే వచ్చే ఆదివారం కొనేవాణ్ణి రమ్మంటాను," అన్నాడు చివరికి.

నాకు ఇది నా పని అని ఆ క్షణాన తెలియదు. పాపం అనుకున్నాను. అనుకుంటూనే, ఇక సాయంత్రాలు ఇంట్లో దీపం వెలుగుతుందని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి అనుకున్నాను. అది దాచను.

తెల్లారి మళ్ళీ గుడ్డ తీసుకుని పెట్టె ముందు కూర్చున్నాను. మళ్ళీ మరలు తలో దిక్కూ ఉన్నాయి. ఎర్రదాని మర పట్టుకుని నిటారుగా తిప్పబోతుంటే, వెనక నుంచి కోడలు వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా కాదు. పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకునేటప్పుడు వేస్తామే, అలా.

"తుడవండి అత్తయ్యా. అవి మాత్రం తిప్పకండి."

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"నిన్న కూడా నేను..."

"నిన్నటిది నిన్నటితో పోయింది."

"మరి నీ తప్పని ఎందుకు చెప్పావే?"

పక్క గదిలో అబ్బాయి నిద్రపోతున్నాడు. ఆ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"మీరని తెలిస్తే ఆయన ఇంకో మాట అంటారు. దానికి మీరు ఇంకోటి అంటారు. ఒక తప్పుకి ఇంట్లో ఒకళ్ళు చాలు."

నేను కావాలని చేశానని వాడు అనుకుంటాడని ఆ పిల్ల భయం. మానిపించమని వాడు నాకు చెప్పిన సంగతి తనకి తెలుసన్నమాట. నా చేతులకి ఏమీ తెలియదని ఒట్టు వేయగలను. మనసు తరఫున మాత్రం వేయలేను. ఆ రోజంతా కొట్లో కుట్టిన కుట్టు వంకరపోయింది, రెండుసార్లు విప్పాను.

*

సాయంత్రం వచ్చేటప్పుడు సీట్ల మీద గుర్తులకి వాడే తెల్ల రంగు, సన్న కుంచె తెచ్చాను.

"కూర్చో. ఒక్కో మర ఎక్కడుండాలో చెప్పు."

"పాట పాటకీ మారుతుంది అత్తయ్యా."

"ఎన్ని పాటలేంటి?"

"ఇరవై రెండు."

"చెప్పు."

గడియారంలో ముల్లులా చెప్పింది. ఎర్రది రెండున్నర మీద. పచ్చది తొమ్మిది మీద. ఎక్కువగా ఉండే చోట ఒక తెల్ల గీత గీశాను, బట్ట ముక్కలు కలపడానికి గుర్తు పెట్టినట్టు. మారే వాటిని నోటుబుక్కులో రాశాను. పాట మొదటి మాట, దాని కింద రంగు, రంగు పక్కన గంట. కోడలు రాస్తానంటే ఇవ్వలేదు. ఇరవై రెండు పాటలు నా చేత్తో రాశాను. రెండు చోట్ల ఒత్తు మరిచిపోయాను, తను దిద్దింది. దాన్ని అట్టముక్క మీద మళ్ళీ పెద్ద అక్షరాలతో ఎత్తి రాసి, మూత లోపల అతికించాను.

"రేపు నేనూ వస్తాను," అన్నాను.

"ఎక్కడికి?"

"వ్యానులోకి."

మర్నాడు కొట్టు నుంచి అటే వెళ్ళి, వ్యానులో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "పిన్నిగారూ, దానికి బెల్టు ఉంది, మీకే లేదు," అన్నాడు.

మాస్టారు ముందు సీట్లో ఉన్నారు. వానకి వ్యాను మెల్లగా పోతోంది. ఆయన అప్పటికి నాలుగుసార్లు గడియారం చూసుకున్నారు. ఐదోసారి చూడబోతుంటే చెప్పాను.

"మాస్టారూ, మొన్న మరలు తిప్పింది మా కోడలు కాదు, నేను."

వెనక్కి తిరిగారు. "మీరా? ఎందుకు తిప్పారమ్మా?"

"చక్కగా ఉంటుందని."

ఆయన ఆ ఐదోసారీ గడియారం చూసుకున్నారు. "మీ ఇంట్లో గడియారాలు కూడా అన్నీ పన్నెండు మీదే పెడతారా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తోంది, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదని చెప్పాను. ఇక మీ ఇష్టం."

"నా ఇష్టం ఏముందమ్మా, ఇంకో అతనికి మాట ఇచ్చేశాను," అని ముందుకి తిరిగారు.

ఆ రోజు కార్యక్రమం బాగానే జరిగింది. మాస్టారు బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. మిగిలింది ఒక్కటి.

*

ఆ చివరిది ఎగ్జిబిషన్ మైదానంలో. మధ్యాహ్నం నుంచీ ముసురు. నేనూ వెళ్ళాను. కొట్టుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను, ముప్పై ఏళ్ళలో జ్వరానికో పెళ్ళికో చావుకో కాకుండా పెట్టిన సెలవు అదొక్కటే. ఐదున్నరకి అంతా తగిలించి మొదలుపెట్టబోతుంటే, స్టేజీ మీది పందిరి ఒక మూల కుంగి నీళ్ళు దబ్బున కీబోర్డు దగ్గర పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కరెంటు ఆపేశారు. మైదానం పక్కన పెద్ద రేకుల షెడ్డు ఉంది, అందులోకి మారమన్నారు. జనం కూడా అందులోకి వచ్చారు, తడిసి, చిరాకుగా. కొందరు గొడుగులు సర్దుకుని అప్పుడే వెళ్ళిపోతున్నారు.

షెడ్డులో నేల మీద వైర్లన్నీ పాముల పుట్టలా పడ్డాయి. డ్రమ్ముల అబ్బాయి తన సామాను తెస్తూనే ఉన్నాడు. మాస్టారు కీబోర్డు తుడుస్తున్నారు, గడియారం చూస్తున్నారు, మళ్ళీ తుడుస్తున్నారు. నిర్వాహకుడు వచ్చి, "ఇంకెంతసేపండీ, జనం పోతున్నారు," అన్నాడు.

మా కోడలు మూత వేసి తెచ్చిన సూట్‌కేసు నేల మీద పెట్టింది. టక్కుమని బెల్టు తీసింది. మూత ఎత్తింది. లోపల పొడిగా, పొద్దున ఎలా పెట్టామో అలాగే ఉంది. ఒక వైరు స్పీకరుకి, ఒకటి గిటారుకి, ఒకటి కరెంటుకి. తెల్ల గీతలు ఒకసారి చూసుకుని లేచి నిలబడింది.

మాస్టారు తల ఎత్తారు. "నీది అయిపోయిందా?"

"అయింది."

"అయితే ఏదో ఒకటి వాయించు. వాళ్ళని ఆపు."

ఒక్కతే నిలబడింది. నా కాలు నేల మీద ఆడటం మొదలుపెట్టింది. తను బొటనవేలితో నీలందాన్ని నొక్కి, రెండే రెండు స్వరాలు వదిలింది. అవి వెళ్ళి రేకులకి తగిలి తిరిగొచ్చినట్టు మళ్ళీ వినపడ్డాయి. వాటి మీద ఇంకో రెండు వేసింది. తను అడగడం, తనే జవాబు చెప్పడం. మెల్లగా నలుగురు వాయిస్తున్నట్టయింది. గుమ్మం దగ్గర గొడుగు తెరిచినతను దాన్ని మళ్ళీ మూశాడు. నేను గిటారు వైపు చూడలేదు. ఆ చిన్న పాదాలు చూస్తున్నాను. మడమ కదలడం లేదు. బొటనవేలు ఎర్రదాని మీదికి పోయింది, పసుపుదాని మీదికి వచ్చింది. పక్కది దేనికీ తగల్లేదు, ఒక్కసారి కూడా. పావుగంట అలా వాయించింది. ఎంతమంది వెళ్ళిపోయారో చూద్దామని వెనక్కి తిరిగితే, గుమ్మంలో మనుషులు నిలబడటానికి చోటు లేక ఒకళ్ళ మీద ఒకళ్ళు తొంగి చూస్తున్నారు.

తర్వాత మిగతావాళ్ళు కలిశారు. అంతా అయ్యాక సామాను వ్యానులో ఎక్కిస్తుంటే మాస్టారు గడియారం చూసుకున్నారు.

"వచ్చే నెల ఒకటో తారీఖు. వ్యాను మూడింటికి. ఆలస్యం చేయొద్దు," అన్నారు కోడలితో.

"మరి ఆ ఇంకో అతను..."

"అతనికి నేను చెప్పుకుంటాను." తర్వాత నావైపు తిరిగి కొంచెం తగ్గారు. "అమ్మా, కీబోర్డుకి ఇలాంటిది కుట్టగలరా?"

"పాదాల కొలత అక్కర్లేదుగా," అన్నాను.

*

ఆదివారం పొద్దున కోడలు ఇంకా నిద్ర లేవలేదు. అబ్బాయి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. రాత్రి సంగతి నేను వాడికి ఇంకా చెప్పలేదు, టీ పెడుతున్నాను. తలుపు కొట్టారు. కొనేవాడు. పొడుగ్గా, వాకిలంత మనిషి.

నేను వెంటనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. వంటింట్లోంచే చూస్తూ నిలబడ్డాను.

అతను పెట్టె తెరిచి, "అబ్బో, ఇదెవరు చేశారు?" అన్నాడు. బూటు విప్పి కాలు పెట్టి చూశాడు. ఎర్రదాన్ని నొక్కితే పచ్చది కూడా పడింది. పక్కకి జరిపి నీలందాన్ని నొక్కబోతే మడమ పసుపుదాన్ని తొక్కింది. మూడుసార్లు చూశాడు.

"ఇదెవరి కాలికో కొలిచి చేసినట్టుందే," అన్నాడు. "పర్వాలేదు, పీకేసి నా పలక మీద పెట్టుకుంటాను."

పట్టీ ఊడదీయడానికి ఎర్రదాని కింద వేలు పెట్టాడు. చర్రుమంది.

మా అబ్బాయి వంగి ఆ పెట్టెకేసి చూశాడు. తెల్ల గీతలు చూశాడు. మూతలో నా రాత చూశాడు, ఇరవై రెండు పాటలు. ఆ బద్దలు చూశాడు. వాడు చిన్నప్పుడు ఆ సగం మీదే, వాళ్ళ నాన్న పక్కన పడుకునేవాడు.

"ఆగండి," అన్నాడు. ఎర్రదాన్ని అతని చేతి కింది నుంచి మెల్లగా నొక్కి మళ్ళీ అతికించాడు. "మా ఆవిడ కాలికి కొలిచి చేసినదండి అది. మేం అమ్మటం లేదు. మిమ్మల్ని ఊరికే తిప్పాను, ఏమీ అనుకోకండి. టీ తాగి వెళ్ళండి."

అతను టీ తాగి వెళ్ళాడు. తలుపు వేశాక నేను చెప్పాను, "ఒకటో తారీఖున మూడింటికి రమ్మన్నాడు గడియారం. ఖాయం చేసుకున్నాడు."

వాడు నావైపు తిరిగాడు. "ముందే చెప్పొచ్చుగా అమ్మా."

"నువ్వేమంటావో విందామని."

"మొన్న మరలు తిప్పింది నువ్వేనటగా. డ్రైవరు చెప్పాడు."

"నేనే."

ఇంకేమైనా అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు. కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. కింద కూర్చుని, సీటు బెల్టు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు.

వానలు తగ్గాయి. సాయంత్రం నేనొచ్చేసరికి ఇల్లు ఇప్పటికీ చీకటిగానే ఉంటుంది, స్విచ్చు ఎక్కడుందో చేతికి అలవాటైంది. కొట్లో సీట్లతో పాటు ఇప్పుడు పెట్టెలు కూడా కుడుతున్నాను. కోడలు ఏ ఊళ్ళో ఉందో అక్కడి బస్సు స్టాండు బోర్డు ఫొటో తీసి పంపుతుంది, నేను కూడబలుక్కుని చదవాలని.

ఒకరోజు అబ్బాయి నాలుగు కొత్త బద్దలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"నాన్న వైపు వేసేస్తానమ్మా. ఎన్నాళ్ళని అలా బోలుగా ఉంచుతాం?"

"వద్దులేరా," అన్నాను. "వాటితో ఇంకో పెట్టె చేస్తాను. మీ నాన్న ఇప్పుడు ఇంట్లో ఎక్కడున్నాడు? తన సూట్‌కేసుతో ఈ వారం మూడు ఊళ్ళు తిరిగాడు."

ఫోను తీసి వాడికి బోర్డులు చూపించాను, ఒక్కోటీ పైకి చదువుతూ.